అనిత్సేతస్ మోచేయి

మా వార్నుపె గ్రామంలో బీరు కాచే ఇళ్ళు పదిహేడు ఉండేవి. అయినా ఎవరింట పెళ్ళి కుదిరినా, చావు జరిగినా, చర్చి పండుగ దగ్గరపడినా, తొట్టి దగ్గర నిలబడడానికి మొదటి పిలుపు అనిత్సేతస్ గుడెలిస్‌కే వెళ్ళేది. పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి, ఎక్కడికో ఆలస్యమైపోతున్నవాడిలా నడిచే మనిషి. అతడు కూర్చుని ఉండగా చూసినవారు మా ఊళ్ళో తక్కువ. తొట్టిలో ఈస్టు కలిపింది మొదలు నురగ తేలేదాకా, ఆ ఎనిమిది తొమ్మిది గంటలూ భోజనం కూడా నిలబడే చేసేవాడు. తొట్టికీ బావికీ మధ్య అతడు తిరిగే దారిలో గడ్డి మొలవడం మానేసింది.

"తొట్టి పులుస్తోందో, మా ఆయన పులుస్తున్నాడో నాకు తెలీదు" అనేది అతని భార్య ఎల్జ్‌బీతా.

పని విషయంలో మాత్రం ఆ తొందర ఎక్కడా కనిపించేది కాదు. బార్లీని గోనెలో కట్టి వాగులో రెండు రోజులు నానబెట్టి, నేలమీద పరచి మొలకెత్తించి, స్నానాల ఆవిరిగదిలో ఆరబెట్టి, రవ్వగా విసిరేవాడు. ఆ రవ్వను వేడినీళ్ళతో మెదిపి, పెద్ద పెద్ద ముద్దలు చేసి, రొట్టెల పొయ్యిలో పైపెచ్చు నల్లబడేదాకా కాల్చేవాడు. తొట్టి అడుగున తుమ్మపుల్లల్లాంటి సన్నని ఆల్డరు కర్రలు అడ్డదిడ్డంగా పేర్చి, వాటిమీద శుభ్రమైన రై గడ్డి పరచి, కాల్చిన ముద్దలను చిదిమి అందులో వేసి, మరిగిన నీళ్ళు పోసేవాడు. తొట్టి నడుమ నిలువుగా ఒక పొడవాటి కర్ర ఉంటుంది. అడుగునున్న రంధ్రానికి దాని కొనే బిరడా. దానిని వెంట్రుకవాసి పైకెత్తితే, గడ్డిలోంచి వడగట్టుకుని తేనెరంగు రసం దారంలా జారుతుంది. మొదటి వడపోత పండుగ బీరుకు. రెండవది పలచనిది, గడ్డి కోసేవాళ్ళకు దాహానికి. రసాన్ని మరిగించరు. హాప్ పూలను వేరే కుండలో కాచి, ఆ చేదు నీళ్ళను రసంలో కలుపుతారు. తరువాత రసం చల్లారాలి. ఎంత చల్లారాలి అన్నదే అసలు విద్య.

అనిత్సేతస్ కుడిచేతి చొక్కా పైకి మడిచి, మోచేతిని రసంలో ముంచి, కళ్ళు మూసుకుని, "ఇంకా పొదుగు వేడికి రాలేదు" అనేవాడు. లేదా "వచ్చింది" అనేవాడు. అప్పుడే పితికిన పాలకు ఉండే వెచ్చదనమన్నమాట. వచ్చిందని అతడన్నాక ఎవరూ రెండోసారి అడిగేవారు కారు. అది కుడిచేయే కావాలి. ఎడమచేయి తగిలిన తొట్టి చెడిపోతుందని వార్నుపెలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఇక ఈస్టు అతని తల్లి బార్బోరాది. ఆమెకు ఆమె అత్తగారి నుంచి వచ్చింది. అంతకుముందు మాట ఎవరికీ తెలియదు. గాజుజాడీలో పోసి, తాడు కట్టి బావిలో నీటిమట్టానికి పైన వేలాడదీసేవారు. కాచినప్పుడల్లా రెండు వంతులు తొట్టిలో పోసి, మూడో వంతు బావిలోనే ఉంచాలి. బీరు పులిశాక అడుగున దిగిన కొత్త మడ్డిని తీసి, ఆ పాతదానిలో కలిపి మళ్ళీ బావిలోకి దించాలి. ఎవరి ఈస్టయినా చచ్చిపోతే పొరుగింటికి వెళ్ళి అడగవచ్చు. ఒట్టి చేతులతో మాత్రం కాదు. తాను కాచిన తీపిరసం ఒక కూజాలో పట్టుకెళ్ళాలి. ఇచ్చేవాడు దానిని రుచి చూసి, బాగుందనిపిస్తే, ఆ కూజాలోనే ఈస్టు పోసి ఇస్తాడు. అందుకు కృతజ్ఞతలు చెప్పకూడదు. చెబితే ఆ ఈస్టు పొంగదు.

సమిష్టి వ్యవసాయం పోయి భూములు తిరిగి ఎవరివి వారి చేతికి వచ్చిన మూడో ఏడు, చలికాలంలో అడవిలో దుంగ ఒకటి దొర్లి అనిత్సేతస్ కుడిభుజం మీద పడింది. ఎముక అతుక్కుంది. చేయి లేస్తోంది, గొడ్డలి పడుతోంది. అయితే భుజం కిందినుంచి మోచేయి దాటేదాకా చర్మానికి స్పర్శ పోయింది. ఈ సంగతి అతడు భార్యకు చెప్పలేదు, వైద్యుడికి చెప్పలేదు. ఈస్టరుకు చిన్నతొట్టిలో కాచిన బీరు త్వరగా చల్లారిపోయినందువల్ల గట్టెక్కింది. దానితో అతడు తనకు తానే, ఏమీ పోలేదని చెప్పుకున్నాడు.

జూన్ నెల మొదట్లో పిడుగుపడి వారి ధాన్యపుకొట్టు పైకప్పు కాలిపోయింది. మా దగ్గర ఇటువంటి పనికి కూలి ఉండదు. తాల్కా అని ఊరంతా కలిసి వచ్చి ఒక్కరోజులో పని ముగించి వెళతారు. ఇంటివాళ్ళు పెట్టవలసింది బీరు, ఉప్పు చల్లిన ఉడకబెట్టిన బఠానీలు, పొగపెట్టిన పందిమాంసం. శనివారం ముప్పైమంది వస్తారని లెక్క తేలింది. బుధవారం అనిత్సేతస్ పెద్దతొట్టి కడిగి, రోజంతా రసం దించి, సాయంత్రానికి చల్లార్చడానికి నిలిపాడు.

"ఇంకా ఆవిరి పోతోందయ్యా" అన్నది ఎల్జ్‌బీతా.

"హాప్ నీళ్ళది ఆ ఆవిరి. రసానిది కాదు."

"రెండూ ఒక తొట్టిలోనేగా ఉన్నాయి?"

"నువ్వు వెళ్ళి బఠానీలు ఏరుకో."

"దూడపాలకు వాడే థర్మామీటరు గూట్లో ఉంది. తెచ్చిస్తా."

"బీరు దూడ కాదే. తాగించడానికి ముందు జ్వరం చూడక్కర్లా."

అతడు మోచేయి ముంచాడు. కళ్ళు మూసుకున్నాడు. చేతికి వేడీ తెలియలేదు, చల్లదనమూ తెలియలేదు. ఏమీ తెలియకపోవడమే సరైన వెచ్చదనమని, ఒంటి వేడీ రసం వేడీ ఒకటైనప్పుడే ఏ తేడా తోచదని అతని మనస్సు అతనికి సర్దిచెప్పింది. "వచ్చింది" అన్నాడు. తొట్టి పెద్దది, సమయం తక్కువ. రెండు వంతుల ఈస్టు చాలదనిపించింది. జాడీ మొత్తం వంచి, అడుగున పట్టిన మడ్డిని కూడా కొంచెం రసంతో కడిగి పోశాడు. ఆ ఇంట్లో అలా జాడీ ఖాళీ చేసినవారు అంతకుముందు లేరు.

గురువారం తెల్లవారేసరికి రసం అద్దంలా ఉంది. ఒక్క బుడగ లేదు.

అనిత్సేతస్ తొట్టిమీది దుప్పటి ఎత్తి చూశాడు, కప్పాడు. బావిదాకా వెళ్ళి, బావిలో చూడవలసినది ఏమీ లేదని గుర్తొచ్చి తిరిగొచ్చాడు. దుప్పటి మళ్ళీ ఎత్తాడు. చెవి చెక్కకు ఆనించి విన్నాడు. పులిసే తొట్టిలో సన్నటి చిటపట వినిపించాలి. పెరట్లో కోళ్ళు అరుస్తున్నాయని వాటిని వాగుదాకా తరిమికొట్టాడు. మళ్ళీ వచ్చి విన్నాడు.

"దాన్ని అలా మాటిమాటికీ లేపుతుంటే ఎలా నిద్రపడుతుంది?" అన్నది ఎల్జ్‌బీతా.

"నిద్రే పోతోంది. లేవాలి అది."

"పెద్దతొట్టి కదా, ఆలస్యమౌతుందేమో."

"మా అమ్మ ఈస్టు ఆలస్యం చెయ్యదు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడే అతని గొంతు తగ్గిపోయింది.

పది గంటలకు కాఫీ ఇవ్వబోతూ ఆమె అతని మోచేతి మీద అరచేతి వెడల్పున ఎర్రగా ఉబ్బిన పొక్కును చూసింది. కప్పు బల్లమీద పెట్టింది.

"ఇదేంటి?"

"ఏది?"

"నీ మోచెయ్యి. ఇంత పొక్కు తేలితే నీకు తెలీదా?"

అతడు చేయి తిప్పి చూసుకున్నాడు. అంతవరకు అతనికి తెలియలేదు. ఆమె వేలితో ఆ పొక్కు పక్కన గట్టిగా నొక్కింది, తరువాత గిల్లింది. అతని ముఖంలో మార్పు లేదు.

"ఎన్నాళ్ళనుంచి?" అని అడిగింది.

"దుంగ పడ్డప్పటినుంచి."

"ఈస్టును ఉడకబెట్టావు."

"ఊఁ."

"బావిలో ఎంత ఉంచావు?"

ఆమె బయటికి వెళ్ళి తాడు లాగింది. ఖాళీ జాడీ తేలికగా పైకి వచ్చింది. కడిగిన మెరుపు కూడా దానికి ఉంది.

శనివారానికి బీరు లేకపోవడం చిన్నమాట. దుకాణంలో సీసాలు దొరుకుతాయి. నాలుగు రోజులు నవ్వుకుని ఊరు మరిచిపోతుంది. బార్బోరా ఈస్టు దుకాణంలో దొరకదు. అది చచ్చిపోతే ఆ ఇంటి బీరే ఉండదు. పైగా సమయం కూడా మిగలలేదు. మరిగించని తీపిరసం వేసవి ఎండలో సాయంత్రం దాటితే తనంతట తాను పులిసి, వెనిగరు వాసనలోకి తిరుగుతుంది. ఈ రెండు సంగతులూ తెలిసిన మనిషి ఆ పగలంతా ఎలా తిరిగాడో నేను మా కంచె ఇవతలినుంచి చూశాను. నేలమాళిగలో దిగి ఈస్టరు పీపా అడుగు గోకి తెచ్చాడు. వాసన చూసి పెరట్లో పారబోశాడు. అటక మీద తల్లి ఎప్పుడో ఈస్టులో ముంచి ఆరబెట్టిన గడ్డిచుట్ట ఉంటుందని ఎక్కాడు. ఎలుకలు దానిని ఎప్పుడో గూడు చేసుకున్నాయి.

"రొట్టెల ఈస్టు వేస్తే?" అని ఎల్జ్‌బీతా మెల్లగా అడిగింది.

"వేస్తే రొట్టె నానబెట్టిన నీళ్ళౌతుంది."

"అయితే ఒక్క బావే మిగిలింది."

ఆ బావి ఎవరిదో అతనికి చెప్పనక్కరలేదు. అది పోవిలాస్‌ది. అతడు ఎల్జ్‌బీతాకు సొంత తమ్ముడు. ఆమె పెళ్ళైన ఏడాది బార్బోరాయే తన చేత్తో అతని కూజాలో ఈస్టు పోసి ఇచ్చింది. పోవిలాస్ బీరు లేత రంగుది. ముద్దలు కాల్చడు, రసం చిక్కబడడానికి చివర పంచదార వేస్తాడు. పదకొండేళ్ళ కిందట బిర్జై పట్నపు సంతలో జరిగిన పోటీలో ఆ బీరుకే మొదటి బహుమతి వచ్చింది. ఈస్టు ఎక్కడిదని న్యాయనిర్ణేతలు అడిగితే, అతడు మైకులో "మా ఇంటిదే" అన్నాడు. జనం నడుమ నిలబడిన అనిత్సేతస్ "దొంగ" అని పెద్దగా అన్నాడు. అప్పటినుంచి బావ, బావమరుదుల మధ్య మాట లేదు. క్రిస్మసుకు ఎల్జ్‌బీతా ఒక్కతే తమ్ముడింటికి వెళ్ళి వచ్చేది.

"ఇన్నేళ్ళూ పంచదార తిన్న ఈస్టది. అది అమ్మది ఎలా ఔతుంది?" అన్నాడు అనిత్సేతస్.

"నువ్వు ముప్పయ్యేళ్ళుగా నా చేతి వంట తింటున్నావు. మా ఇంటివాడివైపోయావా?"

అతడు కూజా నిండా రసం ముంచి బయలుదేరాడు. వాగు వంతెనదాకా వెళ్ళి తిరిగివచ్చాడు. రసం బాగా వడగట్టలేదని కారణం చెప్పి, గుడ్డలో మళ్ళీ వడకట్టాడు. రెండోసారి వంతెన దాటి, పోవిలాస్ కంచె కనిపించగానే పాలకేంద్రం వైపు తిరిగి, అటునుంచి మా ఇంటి ముందుగా ఇంటికి చేరాడు. ఎల్జ్‌బీతా గుమ్మంలో నిలబడి ఉంది.

"ఈసారి ఏం మరిచిపోయావు?" అంది.

అతడు మళ్ళీ వంతెన వైపు తిరిగాడు. నాలుగు గంటలు కావస్తోంది. ఆమె తలగుడ్డ కట్టుకుని, పది అడుగులు వెనకగా అతని వెంట నడిచింది.

పోవిలాస్ పెరట్లో కొడవళ్ళు నూరుతున్నాడు. కూజాను చూశాడు; అక్కను చూశాడు; చివరికి బావను చూశాడు. నూరుడు ఆపలేదు.

"ఏంటి బావా, పదకొండేళ్ళకి దారి కనబడిందా? లేక తప్పిపోయి వచ్చావా? పొద్దున్నుంచి రెండుసార్లు వంతెనమీద నిన్ను చూశా. వాగులో దూకుతావేమో, వెళ్ళి పట్టుకుందామా అనుకున్నా."

"రసం తెచ్చా" అన్నాడు అనిత్సేతస్.

"తెలుస్తోంది. పాలు తెచ్చిన మొహంలా లేదు."

కూజా అందుకుని పోవిలాస్ ఒక గుక్క పుచ్చుకున్నాడు. నోట్లోనే తిప్పాడు. అతడి కనుబొమలు పైకి లేచాయి. మరో గుక్క తాగాడు. వ్యాఖ్యానించకుండా ఉండాలనుకున్నాడు గానీ ఉండలేకపోయాడు.

"ముద్దలు బాగా కాలాయి. నాకు ఎన్నడూ ఇంత రంగు రాదు. ఇంత రసం చేతిలో పెట్టుకుని మీ ఈస్టుకేం రోగమొచ్చింది?"

ఎల్జ్‌బీతా భర్త వైపు చూసింది. ఆ మాట అతడే చెప్పాలని ఆమె ఉద్దేశం. అనిత్సేతస్ చొక్కా చేయి పైకి మడిచి, పొక్కు కనబడేలా చేయి చాచాడు.

పోవిలాస్ దగ్గరికి వచ్చి చూశాడు. అతనికీ మోచేతితోనే పని. అది చూడగానే రసం ఎంత వేడిగా ఉండి ఉంటుందో లెక్క అందింది.

"నొప్పి లేదా?"

"లేదు."

"అసలు తెలీదా?"

"తెలీదు."

"మరి ఎడమచెయ్యి?" అని అడిగి, అడిగిన వెంటనే తానే సిగ్గుపడ్డట్టు తలదించుకున్నాడు. బావమరిదైనా, శత్రువైనా, వార్నుపె మనిషి ఆ సలహా ఇవ్వడు.

అతడు బావిదగ్గరికి వెళ్ళి జాడీ లాగాడు. మూత తీశాడు. అనిత్సేతస్ జాడీ పట్టుకుని వాసన చూశాడు. పండిన పియరు పండు, తడిసిన రై గడ్డి, చివర ఎక్కడో లవంగం. కదలకుండా అలాగే నిలబడిపోయాడు. ఆ పొద్దుటినుంచి అతని కాళ్ళు ఆగడం అదే మొదలు.

"ముక్కుతోనే తాగేస్తావా ఏంటి బావా. ఇటివ్వు."

"పంచదార వాసన లేదు" అన్నాడు అనిత్సేతస్, ఫిర్యాదు చేస్తున్నట్టు.

"పంచదార నేను బీరులో వేస్తా. జాడీలో వెయ్యను. అంత గాడిదననుకున్నావా? జాడీలోది మీ అమ్మ ఎలా ఇచ్చిందో అలాగే ఉంది. ఆ రోజు మైకు మొహమ్మీద పెట్టేసరికి నోరు జారింది. మర్నాడొచ్చి చెబుదామనుకున్నా. నువ్వేమో ఊరంతా వినేట్టు దొంగన్నావు. దొంగ వచ్చి సంజాయిషీ చెప్పుకుంటాడా?"

"చెప్పొచ్చుగా."

"నువ్వూ రావొచ్చుగా."

"ఇద్దరూ ఇలాగే నిలబడండి, తొట్టి వెనిగరౌతుంది" అంది ఎల్జ్‌బీతా.

పోవిలాస్ కూజాలో ఈస్టు పోశాడు, తన జాడీలో మూడో వంతు జాగ్రత్తగా ఉంచుకుని. అనిత్సేతస్ చేయి చాచాడు. పోవిలాస్ కూజా ఇవ్వలేదు.

"నీ చేతికివ్వను. మళ్ళీ చంపుతావు. నా బావిలో ఉన్నది మిగతా ఒక్క మూడో వంతే."

"మరైతే నువ్వొచ్చి ముంచు" అన్నాడు అనిత్సేతస్. ఆ మాట అతనికి చిన్నది కాదు. మరొకడి మోచేయి తన తొట్టిలో పడితే, ఇక తాను బీరు కాచేవాడు కాడు. తొట్టి గలవాడు మాత్రమే.

పోవిలాస్ తల అడ్డంగా ఊపాడు. "నా మోచెయ్యి నా తొట్టికి అలవాటు. నా లెక్కన నీ నల్లరసం చల్లారిపోయిందనిపిస్తుంది. మీ వేడి నాకు తెలీదు. అక్కకి తెలుసు. ముప్పయ్యేళ్ళుగా నీకు బకెట్లందించింది ఎవరు?" అని కూజా ఎల్జ్‌బీతా చేతిలో పెట్టాడు.

ఎవరూ కృతజ్ఞతలు చెప్పుకోలేదు. ముగ్గురూ తిరిగి వంతెన దాటారు.

పగలంతా పడి ఉన్న రసం అప్పటికి చల్లబడిపోయింది. కొంత తీసి కుంపటి మీద వెచ్చబెట్టి, కొంచెం కొంచెంగా తిరిగి తొట్టిలో పోయవలసి వచ్చింది. ఎల్జ్‌బీతా కుడిమోచేయి ముంచింది. అనిత్సేతస్ ఆమె ముఖం మీదికి వంగాడు.

"వచ్చిందా?"

"లేదు."

"ఎలా ఉంది?"

"మాట్లాడకు."

మరో బకెట్టు పోశారు. అతడు తొట్టి చుట్టూ తిరుగుతున్నాడు.

"ఇప్పుడు? పితికిన పాలా? పితికి గుమ్మందాకా తెచ్చిన పాలా?"

"అక్కా, ఈయన్ని బయట కట్టెయ్యనా?" అన్నాడు పోవిలాస్.

ఆమె మరికొంతసేపు చేయి అలాగే ఉంచి, "వచ్చింది" అన్నది. కూజా వంచినది కూడా ఆమే. అడుగున కొంచెం మిగిల్చి, దానిని కడిగిన జాడీలో పోసి, బావిలోకి తానే దించింది.

శుక్రవారం పొద్దున తొట్టిమీది దుప్పటి నడుమ ఉబ్బి ఉంది. దుప్పటి తొలగిస్తే, రై పిండి రంగు నురగ అంచుదాకా వచ్చి, ఒకచోట పొంగి చెక్కమీదుగా కారుతోంది. అనిత్సేతస్ దానిని చూశాడు. ఆశ్చర్యపడినట్టుగానీ, సంతోషించినట్టుగానీ కనిపించలేదు. కారుతున్న నురగను వేలితో తీసి నాలుకకు రాసుకున్నాడు. తరువాత పొలంలోకి వెళ్ళి మధ్యాహ్నం దాకా కనిపించలేదు.

శనివారం ముప్పైనాలుగుమంది వచ్చారు. బీరు ఇంకా మసకగా, తీపి పూర్తిగా చావకుండా ఉంది. ఒక్కరోజు ఎక్కువ పులిస్తే ఇంకా బాగుండేదని అందరికీ తెలిసినా, సాయంత్రానికి పీపా వంచి తాగారు. పైకప్పు మీద పోవిలాస్, అతని పక్కనే అనిత్సేతస్, మేకులు అందించుకుంటూ, దూలం వంకరగా ఉందని ఒకణ్ణొకడు తిట్టుకుంటూ పనిచేశారు.

"మీ ఆయన బీరు ఈసారి కొంచెం వేరుగా ఉందే" అని బల్ల దగ్గర ఎవరో ఎల్జ్‌బీతాతో అన్నారు.

"వేరేం కాదు, ఇంకా పూర్తిగా పులవలేదు, అంతే" అని ఆమె బఠానీల గిన్నె ముందుకు తోసింది. మోచేతి సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. పోవిలాస్ కూడా అనలేదు.

ఆదివారం మధ్యాహ్నం శనివారం మాకు బీరు పోసి పంపిన కూజాలు తిరిగి ఇవ్వడానికి నేను వెళ్ళాను. పెరట్లో పొడవైన బల్లమీద అయిదు బేసిన్లు వరుసగా పెట్టి ఉన్నాయి. వాటిలో వేర్వేరు వేడి నీళ్ళు. ఎల్జ్‌బీతా ఒక్కొక్కదానిలో మోచేయి ముంచుతోంది. అనిత్సేతస్ బల్లకు ఆ చివరినుంచి ఈ చివరకు తిరుగుతూ, ఆమె చెప్పే ప్రతి మాటనూ తరచి తరచి అడుగుతున్నాడు. వేసవిలో పొదుగు వేడి వేరు, శీతకాలంలో వేరు, ఉదయం వేరు, పెద్దతొట్టికి వేరు. తనకు తెలిసినదంతా ఒక మధ్యాహ్నంలో అప్పగించాలన్నట్టు మాటలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. ఆమె విసిగిపోయింది, ఆ విసుగులో నోరు జారింది.

"మూడోది. ఇందాకే చెప్పా, మూడోదని. అది పెద్దతొట్టికి సరిపోతుంది. నువ్వే ముంచి చూసుకోరాదూ? నీకు తెలీదా?"

అతడు ఆగాడు. నన్ను చూశాడు. కంచె దగ్గర ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వారినీ చూశాడు. మూడో బేసిను మీద చేయి ఆనించి, అందరికీ వినబడేలా, "నాకు తెలీదు. నా చేతికి ఇంక తెలీదు. అందుకే నిన్ను అడుగుతున్నా" అన్నాడు.

ఎల్జ్‌బీతా చొక్కా చేయి ఇంకొంచెం పైకి లాక్కుని, మళ్ళీ మొదటి బేసిను దగ్గరికి వెళ్ళింది.